పీహెచ్‌డీ మధ్యలో మాయం కాకుండా ఉండటం ఎలా?

నేను పరిశోధన చేసిన ఆరేళ్లలో మా డిపార్ట్‌మెంట్‌లో నలుగురు స్కాలర్లు మధ్యలోనే ఆగిపోయారు. నలుగురూ నాకంటే బాగా చదివేవాళ్లే. వాళ్లలో ఒక్కరు కూడా "మానేస్తున్నాను" అని చెప్పలేదు. ముందు గైడ్‌కి కనిపించడం తగ్గించారు. తర్వాత డిపార్ట్‌మెంట్ వైపు రావడం మానేశారు. ఆ తర్వాత మా ఫోన్లు కూడా ఎత్తలేదు. మూడో ఏడాదిలో నేనూ అదే దారి పట్టాను. మా గైడ్ గారి స్కూటర్ చెట్టు కింద కనిపిస్తే చాలు, వెనక గేటు నుంచి లైబ్రరీకి వెళ్లేదాన్ని. అలా నలభై రోజులు గడిచాయి.

పని ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. మనిషే కనిపించకుండా పోతే ఎవరూ చేయి అందించలేరు. అందుకే ఇక్కడ నేను చెప్పే ప్రతి అడుగూ మీరు మాయం కాకుండా ఉండటానికే. మన తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో చదివేవారిని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. నాది చరిత్ర కాబట్టి ఉదాహరణలు అటువైపే ఎక్కువ ఉంటాయి. ల్యాబ్‌లో పనిచేసేవారు తమకు తగ్గట్టు మార్చుకోండి.

మొదటి అడుగు: తేదీలు కాగితం మీద పెట్టండి

సగం టెన్షన్ లెక్క తెలియకపోవడం వల్ల వస్తుంది. "చాలా టైమ్ ఉంది" అని రెండేళ్లు, "ఇక టైమ్ లేదు" అని రెండేళ్లు గడిచిపోతాయి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్‌తో కలిపి పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. ఆ తర్వాత రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో 2 ఏళ్ల వరకు పొడిగించవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి మరో 2 ఏళ్ల సడలింపు ఉంది. వారికి మొత్తం 10 ఏళ్లు దాటకూడదు. మీరు అంతకుముందే చేరి ఉంటే మీకు పాత నిబంధనలు వర్తించవచ్చు. ఈ సంగతి సీనియర్లను కాకుండా పీహెచ్‌డీ సెక్షన్‌లో అడగండి. సీనియర్లు చెప్పేది వాళ్ల బ్యాచ్ రూలు.

ఇప్పుడు మీ అడ్మిషన్ తేదీ రాసి, ఆరేళ్ల ఆఖరి తేదీ రాయండి. అక్కడి నుంచి ఏడాది వెనక్కి రండి. ప్రీ-సబ్మిషన్ సెమినార్, దిద్దుబాట్లు, ఇతరుల రాత ఎత్తుకోలేదని చెప్పే ప్లేజరిజం సర్టిఫికెట్, బైండింగ్, బకాయిలు లేవనే నో డ్యూస్ సంతకాలు అన్నీ ఆ ఏడాదిని తినేస్తాయి. అంటే మీ చేతిలో ఉన్నది ఐదేళ్లే. ఆ కాగితాన్ని గోడకు అంటించండి. చూసిన మొదటి రోజు గుండె దడదడలాడుతుంది. వారం తర్వాత అలవాటవుతుంది. ఆ తేదీయే మీ పక్షాన నిలబడుతుంది.

గడువు దాటిపోయిందని కుంగిపోతున్నవారికి ఒక మాట. నేను చెప్పిన నలుగురిలో ఒకరు ఏడో ఏట రీ-రిజిస్ట్రేషన్ చేయించుకుని వచ్చి థీసిస్ ఇచ్చారు. వెళ్లి అడగనిదే దారి ఉందో లేదో తెలియదు.

రెండో అడుగు: రోజుకు రెండు గంటలు, ఒక నోటుబుక్

పరిశోధనలో రోజుకు పది గంటలు కూర్చోవాలన్న ప్రతిజ్ఞ మూడు రోజులకు మించి నిలవదు. నాలుగో రోజు తప్పు చేసినట్టుంటుంది. తప్పు చేశామన్న ఆ భావనే మనల్ని డిపార్ట్‌మెంట్‌కు దూరం చేస్తుంది. అందుకని రోజులో రెండు గంటలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. హాస్టల్ గదిలో కుదరకపోతే లైబ్రరీ రీడింగ్ రూమ్‌లో ఒకే కుర్చీ చూసుకోండి. ఆ రెండు గంటల్లో ఫోన్ బ్యాగులో ఉండాలి.

రెండు రూపాయల పెన్ను, యాభై రూపాయల నోటుబుక్ చాలు. రోజూ కుర్చీలోంచి లేచే ముందు మూడు వాక్యాలు రాయండి: ఈ రోజు ఏం చేశాను, ఎక్కడ ఆగాను, రేపు మొదట ఏం చేయాలి. ఈ మూడో వాక్యమే ముఖ్యం. పొద్దున్నే "ఎక్కడ మొదలుపెట్టాలి" అన్న గుబులు ఉండదు. పరిశోధనలో పని జరిగినా కంటికి కనిపించదు. నెల రోజులు పాత పత్రికలు తిరగేస్తే ఒక పేరా వస్తుంది. ప్రయోగం నాలుగుసార్లు ఫెయిలైతే చూపించడానికి ఏమీ ఉండదు. నోటుబుక్ తిరగేస్తే ఆ నెల ఖాళీగా పోలేదని మీకు మీరే చూసుకోగలరు.

మూడో అడుగు: గైడ్‌తో సంబంధాన్ని రాతలో పెట్టండి

దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను. మన దగ్గర పీహెచ్‌డీ బాగుండటం, బాగుండకపోవడం చాలావరకు ఈ ఒక్క సంబంధం మీదే ఆధారపడుతుంది. సార్ అంటే గౌరవం, భయం కలిసే ఉంటాయి. తలుపు దగ్గర అరగంట నిలబడి, లోపల ఎవరో ఉన్నారని తిరిగి వచ్చేస్తాం. అడగాల్సినవి ఐదు ఉంటే రెండు అడిగి "సరే సార్" అనేస్తాం.

ముందుగా, నెలకు ఒక రోజు ఖాయం చేసుకోండి. "మొదటి బుధవారం, పదకొండు గంటలు" అని చేరిన కొత్తలోనే అడిగితే చాలామంది గైడ్లు ఒప్పుకుంటారు. పని కాకపోయినా ఆ రోజు వెళ్లండి. చేతిలో ఒక పేజీ తీసుకెళ్లండి: ఏం చేశాను, ఎక్కడ ఇరుక్కున్నాను, మీ నుంచి ఏం కావాలి. పేజీ చేతిలో ఉంటే గొంతు తడబడదు.

బయటికి వచ్చిన గంటలోపు ఒక మెయిల్ పంపండి. ఇంగ్లిష్‌లో రాసే అలవాటుంటే ఇంగ్లిష్‌లోనే పంపండి. విషయం ఇలా ఉండాలి: "నమస్కారం సార్. ఈ రోజు మాట్లాడుకున్నవి రాస్తున్నాను. రెండో అధ్యాయాన్ని 1930 దగ్గర విడదీయాలి. జిల్లా గెజిట్లు కూడా చూడాలి. ఈ నెల 25 లోపు 15 పేజీలు పంపుతాను. నేను ఏదైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే చెప్పండి." ఆరు నెలల తర్వాత "ఇది ఎందుకు చేశావు, నేనెప్పుడు చెప్పాను" అన్న మాట వస్తే ఈ మెయిలే మీకు ఆసరా. గైడ్‌ని ఇరికించడానికి కాదు సుమా. పాతికమందికి క్లాసులు చెప్పి, ఆరుగురు స్కాలర్లను చూసే మనిషికి అన్నీ గుర్తుండవు.

మీ చాప్టర్ ఎర్రసిరాతో నిండి తిరిగి వస్తే ఆ రోజు చదవకండి. ఒకసారి తిరగేసి లోపల పెట్టేయండి. మూడో రోజు తీసి, వ్యాఖ్యలను రెండుగా విడదీయండి: భాష, ఫుట్‌నోట్లు లాంటి చిన్నవి ఒకవైపు, వాదనను కదిపేవి ఇంకోవైపు. నా మొదటి చాప్టర్ మీద 112 గుర్తులు ఉన్నాయి. లెక్కపెడితే అందులో వాదనకు సంబంధించినవి ఏడు. మొదటిరోజు మాత్రం ఆ 112 కూడా నా తెలివి మీద వేసిన ఇంటు మార్కుల్లా కనిపించాయి.

గైడ్‌కి కనిపించకుండా నెలలు గడిచిపోతే ఏం చేయాలి? కారణాల చిట్టా తయారు చేయకండి. నేను పంపిన మెసేజ్ ఇది: "సార్, నలభై రోజులుగా కలవలేకపోయాను. పని ఆగింది. మళ్లీ మొదలుపెడుతున్నాను. నా దగ్గరున్న 9 పేజీలు పంపుతున్నాను. ఈ వారం ఒక పదిహేను నిమిషాలు ఇవ్వగలరా?" టైప్ చేసి పంపడానికి నాకు రెండు రోజులు పట్టింది. జవాబు పది నిమిషాల్లో వచ్చింది: "రేపు పదకొండింటికి రామ్మా." తొమ్మిది పేజీలు లేకపోతే రెండు పేజీలు పంపండి. ఖాళీ చేతులతో వెళ్లడం కష్టం, నిజమే. కానీ రెండు పేజీలు మళ్లీ గైడ్ దగ్గరికి వెళ్లే ధైర్యాన్నిస్తాయి.

అందరు గైడ్లూ ఇలా ఉండరు. పేజీలు నెలల తరబడి చదవనివారు, ఇంటి పనులు చెప్పేవారు, స్కాలర్ రాసిన పేపర్‌లో పేరు ముందు పెట్టమనేవారు ఉన్నారు. అలాంటప్పుడు మీకున్న మొదటి తలుపు రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ. 2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టర్‌కూ ఒకసారి స్కాలర్ ఆ కమిటీ ముందు పని వివరించాలి. చాలా చోట్ల దాన్ని సంతకాల తంతుగా ముగిస్తారు. మీరు అలా వదిలేయకండి. పంపిన తేదీలు, రాని జవాబులు ఫిర్యాదులా కాకుండా పని నివేదికలా చెప్పండి: "ఫిబ్రవరి 3న చాప్టర్ ఇచ్చాను, వ్యాఖ్యల కోసం ఎదురుచూస్తున్నాను." గైడ్‌ని మార్చుకోవాల్సి వస్తే ఈ రికార్డే పనికొస్తుంది. గైడ్ రిటైర్మెంట్ దగ్గర పడుతుంటే ముందే కో-గైడ్ గురించి మాట్లాడుకోండి.

లైంగిక వేధింపుల విషయంలో సర్దుకుపోవాలని ఎవరు చెప్పినా వినకండి. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు గడువు పెంచవచ్చు. మెసేజ్‌లు, కాల్ వివరాలు చెరిపేయకండి. నమ్మిన ఒక మనిషికి అదే రోజు చెప్పండి.

నాలుగో అడుగు: చెడ్డగా రాయడానికి ఒప్పుకోండి

"అంతా చదివేశాక రాస్తాను" అన్న మాట దగ్గరే చాలామంది థీసిస్ ఆగుతుంది. చదవడానికి అంతు లేదు. రెండో ఏడాది నుంచే నెలకు పది పేజీలు, ఎంత అతుకులబొంతగా ఉన్నా సరే, రాయండి. మొదటి అధ్యాయంతో మొదలుపెట్టకండి. ముందుమాట చివర్లో రాసేది. మీ దగ్గర సమాచారం బాగా ఉన్న భాగాన్నో, ఎలా సేకరించారో చెప్పే భాగాన్నో మొదట పట్టుకోండి.

తెలుగు మీడియంలో చదివి వచ్చి ఇంగ్లిష్‌లో థీసిస్ రాయాల్సినవారి బాధ నాకు బాగా తెలుసు. సెమినార్‌లో ప్రశ్న వేయాలని ఉంటుంది. వాక్యం మనసులో కూర్చుకునేలోపు చర్చ వేరే దగ్గరికి వెళ్లిపోతుంది. ఆలోచన లేక కాదు, భాష అడ్డం పడి ఆగిపోతాం. నేను చేసిన పని ఇది: ప్రతి భాగంలోని వాదనను ముందు తెలుగులో, మా చెల్లికి చెబుతున్నట్టు ఒక పేజీ రాసుకునేదాన్ని. ఆమెకు అర్థమైందంటే నాకూ అర్థమైనట్టే. తర్వాత దాన్ని చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాసేదాన్ని. బరువైన పదాల కోసం వెతక్కండి. పరీక్షకులు చూసేది వాదన నిలబడిందా లేదా అన్నదే.

తెలుగులోనే థీసిస్ రాసేవారికి ఒక జాగ్రత్త. క్యాంపస్ బయటి డీటీపీ షాపుల్లో అను ఫాంట్లలో టైప్ చేయిస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో మీ థీసిస్ అర్థంకాని గుర్తులుగా మారిపోతుంది. మొదటి పేజీ నుంచీ ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోనే ఉండాలని పట్టుబట్టండి. వీలైతే టైపింగ్ మీరే నేర్చుకోండి, నెల పడుతుంది.

ఇతరుల వాక్యాలు నోట్స్‌లోకి ఎత్తుకునేటప్పుడే కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు వేయండి. మూడేళ్ల తర్వాత అది మీ వాక్యమో, వేరొకరిదో గుర్తుండదు. యూజీసీ 2018 నిబంధనల్లో ఇతరుల రాతతో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం దాకా ఉంటే 6 నెలల్లోపు సరిదిద్ది ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. రిఫరెన్సులు దాచుకోవడానికి జొటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మొదటి వారంలోనే వేసుకోండి. మీ అంశం మీద ఇంతకుముందు ఎవరు పనిచేశారో మన దేశపు థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో వెతకండి. పూర్తయిన నాలుగు థీసిస్‌లు తెరిచి చూస్తే ఒక ధైర్యం కూడా వస్తుంది. ఎక్కడా ఆకాశం నుంచి ఊడిపడిన థీసిస్ కనిపించదు.

పేపర్ల గురించి కొంచెం. 2022 నిబంధనల్లో థీసిస్ ఇవ్వడానికి పేపర్ తప్పనిసరి అన్న షరతు తీసేశారు. అయితే మీ విశ్వవిద్యాలయం సొంతంగా అడగవచ్చు, కనుక్కోండి. నమ్మదగిన జర్నళ్ల పేర్లుండే కేర్ జాబితాను కూడా 2025లో యూజీసీ ఆపేసింది. కాబట్టి "రెండు వేలు కట్టండి, వారంలో వేస్తాం" అనే జర్నల్‌ని మీరే గుర్తుపట్టాలి. వారంలో ఎవరూ పేపర్‌ని సరిగ్గా చదవలేరు.

ఐదో అడుగు: మూడు చోట్ల దాచండి

వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికల కోసం నేను పదకొండు రోజులు కూర్చున్నాను. అనుమతి తీసుకుని ఫోన్‌తో నాలుగు వందల ఫొటోలు తీసుకున్నాను. ఇంటికొచ్చిన వారానికి మెమరీ కార్డు పాడైపోయింది. రెండు రోజులు అన్నం సహించలేదు. మళ్లీ రైలెక్కి వెళ్లాను.

ఒక కాపీ ల్యాప్‌టాప్‌లో, ఒకటి గూగుల్ డ్రైవ్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి ఊళ్లో అమ్మ బీరువాలో ఉంచండి. ప్రతి ఆదివారం ఐదు నిమిషాల పని.

ఆరో అడుగు: డబ్బు సంగతి ముందే తేల్చుకోండి

2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు రూ.37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రూ.42,000. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో, నెట్ పరీక్ష ద్వారా ఫెలోషిప్ రానివారికి ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ రూ.8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఫెలోషిప్ లేకుండా పరిశోధన చేసేవారు ఎందరో ఉన్నారు. ఫెలోషిప్ ఉన్నవారు కూడా ఒక విషయం గుర్తుంచుకోండి: జేఆర్‌ఎఫ్ రెండేళ్లు, ఎస్‌ఆర్‌ఎఫ్ మూడేళ్లు, మొత్తం ఐదేళ్లే. మీకున్న గడువు ఆరేళ్లు. ఆ ఆఖరి ఏడాదే ఎక్కువ ఖర్చు, ఎక్కువ టెన్షన్. మొదటి నెల నుంచే కొంత పక్కన పెట్టండి.

ఫెలోషిప్ కొన్నిసార్లు మూడు నాలుగు నెలలు ఆగి ఒకేసారి పడుతుంది. నెలనెలా మీ హాజరు ధ్రువీకరణ ఆఫీసు నుంచి పైకి వెళ్లిందో లేదో మీరే కనుక్కోండి. ఒక్క నెల తప్పితే ఆ గొలుసంతా ఆగుతుంది. మూడు నెలల మెస్ బిల్లుకు సరిపడా డబ్బు ముట్టుకోకుండా ఉంచగలిగితే, ఆలస్యం వచ్చినప్పుడు రాత కుంటుపడదు. డిగ్రీ కాలేజీలో గెస్ట్ క్లాసులు ఒప్పుకునేటప్పుడు మీ రెండు గంటలు ఏ పూట ఉంటాయో ముందు చూసుకుని, మిగిలిన పూటే ఇవ్వండి.

ఏడో అడుగు: ఇంట్లోవాళ్లకు పని చూపించండి

"ఇంకా చదువేనా?" అన్న ప్రశ్న సంక్రాంతికి ఊరు వెళ్లిన ప్రతిసారీ ఎదురవుతుంది. తోటివాళ్లు ఇళ్లు కట్టుకుంటారు, పిల్లల్ని బడిలో వేస్తారు. మనకు మాత్రం హాస్టల్ గది, జిరాక్స్ కట్టలు. చాలా ఏళ్లు నేను కోపంగానో, ముభావంగానో జవాబిచ్చాను. మా నాన్న పదో తరగతి వరకు చదివారు. ఒకసారి ఆయన "అసలు నువ్వు రోజంతా ఏం చేస్తావమ్మా?" అని అడిగారు. అడగడంలో వెక్కిరింత లేదు, తెలుసుకోవాలనే ఉంది. వేటపాలెం ఫొటోల్లోంచి ఒక పాత పత్రిక పేజీ తీసి చదివి వినిపించాను. ఆ రోజు నుంచి చుట్టాలు అడిగితే ఆయనే జవాబు చెప్పేవారు. తేదీ కూడా చెప్పండి: "వచ్చే ఏడాది జూన్‌కి ఇస్తాను." "అయిపోతుంది" అన్న మాటకు అంతు ఉండదు, తేదీకి ఉంటుంది.

మహిళా స్కాలర్లు మొత్తం కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి లేదా పిల్లల సంరక్షణ సెలవు తీసుకోవచ్చు. అది మీ హక్కు. అడిగేటప్పుడు నొచ్చుకోవాల్సిన పని లేదు. పెళ్లయి వేరే ఊరు వెళ్లాల్సి వస్తే పరిశోధనను అక్కడి సంస్థకు మార్చుకునే వీలు కూడా నిబంధనల్లో ఉంది.

ఎనిమిదో అడుగు: మనసు మొరాయిస్తే ఆలస్యం చేయకండి

2018లో నేచర్ బయోటెక్నాలజీ పత్రికలో ఒక సర్వే వచ్చింది. 26 దేశాల్లో 2,279 మందిని అడిగారు, ఎక్కువమంది పీహెచ్‌డీవాళ్లే. 41 శాతం మందిలో ఒక మోస్తరు నుంచి తీవ్రమైన ఆందోళన కనిపించింది. మామూలు జనంలో అది 6 శాతం. కాబట్టి రాత్రి రెండింటికి పైకప్పు చూస్తూ పడుకున్నది మీరొక్కరే అనుకోకండి.

విసుగు, దిగులు వచ్చి పోతుంటాయి. కానీ రెండు వారాలు గడిచినా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఇష్టమైనవాళ్లతో కూడా మాట్లాడాలనిపించకపోవడం ఉంటే డాక్టర్‌ని కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి, ఆ రాత్రే ఎవరో ఒకరి గదికి వెళ్లి కూర్చోండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, ఏ వేళైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

రోజువారీగా చేయదగ్గది ఒకటే చెబుతాను. వారానికి ఒకసారి కలిసే ఇద్దరు స్కాలర్లను వెతుక్కోండి. వేరే డిపార్ట్‌మెంట్ వాళ్లయితే మరీ మంచిది, పోటీ ఉండదు. టీ దగ్గర ఒకరికొకరు ఆ వారం రాసిన ఒక పేజీ చదివి వినిపించుకోండి. "నేను రెండు వారాలు రాకపోతే నా గదికి రండి" అని ముందే ఒప్పందం చేసుకోండి. నా నలభై రోజులు నలభై దగ్గరే ఆగడానికి కారణం అలా తలుపు తట్టిన బోటనీ స్కాలర్ ఒకామె.

అన్నీ చేశాక కూడా ఈ పని మీది కాదనిపిస్తే మానేయవచ్చు. అందులో సిగ్గు లేదు. గైడ్‌తో మాట్లాడి, ఇంట్లో చెప్పి, రాతపూర్వకంగా వైదొలగండి.

చివరి అడుగు: సబ్మిషన్, వైవా

ప్రీ-సబ్మిషన్‌లో వచ్చిన ప్రతి సూచననూ రాసుకుని, ఏది ఏ పేజీలో సరిచేశారో పట్టిక తయారు చేయండి. థీసిస్ ఇచ్చాక పరీక్షకుల నివేదికలు వచ్చి, వైవా (మౌఖిక పరీక్ష) అయ్యేదాకా మొత్తం ఆరు నెలల్లో పూర్తవ్వాలని నిబంధనలు అంటాయి. ఆలస్యమైతే మర్యాదగా నెలకోసారి ఆఫీసులో అడగండి. ఆ నెలల్లో చేతులు ఖాళీ అయి ఒక వింత వెలితి వస్తుంది. ఒక అధ్యాయాన్ని పేపర్‌గా కుదించే పని దాని కోసం అట్టే పెట్టుకోండి.

మీకంటే ముందు జరిగే వైవాలకు వెళ్లి కూర్చోండి. ఐదారు చూశాక ప్రశ్నల తీరు తెలుస్తుంది. మీ థీసిస్‌లో మీకే అనుమానంగా ఉన్న మూడు చోట్లు గుర్తించి, వాటికి జవాబు పైకి చదివి సాధన చేయండి. తెలియని ప్రశ్నకు "ఆ కోణం నేను చూడలేదు సార్, నోట్ చేసుకుంటున్నాను" అంటే చాలు.

చాలా చోట్ల వైవాకు బయటివాళ్లను కూడా రానిస్తారు. ఇంట్లోవాళ్లను పిలవండి. మా నాన్న తెల్లచొక్కా వేసుకుని చివరి వరసలో కూర్చున్నారు. ఇంగ్లిష్‌లో సాగిన ఆ గంటలో ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. స్క్రీన్ మీద పత్రికల బొమ్మలు వచ్చినప్పుడు మాత్రం పక్కనున్నాయన వైపు వంగి, "ఇవి వేటపాలెంలో తీసినవి. రెండుసార్లు వెళ్లింది" అన్నారు.